హోల్టర్ మానిటర్ గారికి, గుండె దడ మనిషి రాయునది

ఛాతీకి వైర్లతో అతుక్కుని రోజంతా గుండె లయను రాసుకునే మహారాజశ్రీ హోల్టర్ మానిటర్ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టే శ్రమ మీరే తప్పించారు. నా కుశలం మీరే రాసిచ్చారు కదా: 'నార్మల్ సైనస్ రిథమ్. చెప్పుకోదగ్గ తేడాలు లేవు.' అంటే గుండె లయ మామూలుగానే ఉందట. ఈ కాగితం కోసం మధ్యాహ్నమంతా కుర్చీలో కూర్చున్నాను. అంతసేపూ గుండె మూడు కొట్టి ఒకటి మింగుతూనే ఉంది. తమరు అప్పటికే వేరొకరి ఛాతీ మీద డ్యూటీలో ఉన్నారు.

మీకు నేను చేసిన మర్యాదల్లో లోపమేముందో చెప్పండి. తడవకూడదన్నారని స్నానం మానేశాను. వైర్లు ఊడతాయని రాత్రంతా వెల్లకిలా పడుకున్నాను. స్టిక్కర్ల కింద దురద పుడితే పళ్లు బిగబట్టాను. దడ రావాలని పనిగట్టుకుని మెట్లెక్కాను, కాఫీ ఎక్కువ తాగాను, ఎప్పుడో అప్పు తీసుకుని మొహం చాటేసినవాడికి ఫోన్ చేసి మరీ కోపం తెచ్చుకున్నాను. మీతోపాటు ఇచ్చిన డైరీలో అన్నీ టైముతో సహా రాశాను. 'మెట్లెక్కాను, ఏమీ లేదు.' 'అరిచాను, ఏమీ లేదు.' ఆ డైరీ ఎవరైనా చదివితే నా ఆరోగ్యానికి దిష్టి తీస్తారు.

రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకునే గుండె, ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు బడిపిల్లాడిలా చేతులు కట్టుకుని కూర్చుంది. మర్నాడు టెక్నీషియన్ స్టిక్కర్లను వెంట్రుకలతో సహా పీకేశారు. చొక్కా గుండీలు పెట్టుకుంటుండగా దబ్‌మని ఒక్క తన్ను, తర్వాత ఖాళీ, తర్వాత ఇంకో తన్ను. "ఇదిగో, ఇప్పుడే వచ్చింది!" అన్నాను. "తీసేశాం కదండీ" అన్నారు.

మీ వంశంలో మిగతావాళ్లూ తక్కువేం కాదు. ఈసీజీ గారు చూసేది 10 సెకన్లు, ఇచ్చే భరోసా జన్మకు సరిపడా. చేతి గడియారం గారు 30 సెకన్లు కదలొద్దని హెచ్చరించి, చివరికి ఏమీ తేల్చలేకపోయానని చేతులెత్తేస్తారు. చుట్టాలకైతే ఏ పరికరమూ అక్కర్లేదు. "టెన్షన్ తగ్గించుకో" అనేస్తారు, ఎక్కడో స్విచ్ ఉన్నట్టు.

పాపం, డాక్టరు గారు మాత్రం వెతుకుతూనే ఉన్నారు. థైరాయిడ్, పొటాషియం, మెగ్నీషియం, హిమోగ్లోబిన్, టూడీ ఎకో అనే గుండె స్కాన్. నిద్రలో గురక వస్తుందా, ఊపిరి ఆగుతుందా అనీ అడిగారు. అన్నీ బాగానే ఉన్నాయట. ఒక్క టెస్టయినా ఫెయిలైతే బాగుండని కోరుకునే రోజొకటి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

నేనడిగేది ఒక్కటే మాట: ఎందుకు? ఇది ఒట్టి ఎక్టోపిక్ అయితే, ఒక దెబ్బ ముందే పడి, తర్వాత కాస్త విరామం వచ్చి, ఆ సందులో ఎక్కువ రక్తం నిండి, మరుసటి దెబ్బ గట్టిగా తగులుతుంది. గుండె నిర్మాణం బాగున్నవాళ్లలో చాలాసార్లు దానికి కారణమే దొరకదు, మందూ అక్కర్లేదు. అదే అని తేలితే దండం పెట్టి భరిస్తాను. కానీ ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అయితేనో? గుండె పై గదులైన కర్ణికలు సరిగా ముడుచుకోకుండా వణుకుతూ ఉంటాయి, అక్కడ నిలిచిన రక్తం గడ్డకట్టొచ్చు, ఆ గడ్డ మెదడుకు వెళ్లొచ్చు. పక్షవాతం ముప్పు సుమారు 5 రెట్లు పెరుగుతుంది. అది కూడా కొందరిలో వచ్చిపోతూ ఉంటుంది, ఎవరూ చూడనప్పుడు వచ్చి వెళ్లిపోగలదు. ఈ రెంటిలో ఏదో తేల్చమని మిమ్మల్ని కట్టుకుంటే, అసలు రెండూ లేవన్నట్టు రాస్తారా?

నేను చూసినంతసేపు రాలేదు అని రాయండి, ఒప్పుకుంటాను. లేదు అని రాయకండి. మీ కాగితం చూసి ఇంట్లోవాళ్లు నన్ను జబ్బు నటిస్తున్నవాణ్ణి చూసినట్టు చూస్తున్నారు. రాత్రి ఉలిక్కిపడి లేచి మెడ దగ్గర వేలు పెట్టుకుని లెక్కపెట్టేది వాళ్లూ కాదు, మీరూ కాదు.

సరే, మీ పుట్టుక గురించి చదివాక కొంచెం మెత్తబడ్డాను. 1940ల్లో అమెరికా శాస్త్రవేత్త నార్మన్ హోల్టర్ మిమ్మల్ని తయారుచేసినప్పుడు దాదాపు 38 కిలోలుండేవారట, వీపున మూటలా మోయాల్సి వచ్చేదట. ఇప్పుడు జేబులో పడతారు. ఆ పెద్దాయన మొహం చూసి ఈసారికి వదిలేస్తున్నాను.

వచ్చే వారం నుంచి రెండు వారాలపాటు మీ తమ్ముడు, స్టిక్కర్‌లా అతికించే ప్యాచ్ మానిటర్ గారు, నా ఛాతీ మీద మకాం పెడుతున్నారు. కాస్త చెప్పి పంపండి: ఎక్కువగా రాత్రిపూట, ఎడమ పక్కకు తిరిగి పడుకున్నప్పుడు. అప్పుడు మాత్రం కునుకు తీయొద్దనండి.

ఇట్లు,
తమరి లెక్కలో ఏ లోపమూ లేని మనిషి