సవరణ: నాగులు నాకింది గరికను కాదు, దర్భను

పూజలో వాడే గడ్డి గురించిన మొన్నటి పోస్టులో, గరుత్మంతుడు అమృత భాండాన్ని గరిక మీద పెట్టాడని ఉంది. అది దర్భ అని చదువుకోవాలి.

మహాభారతం ఆదిపర్వంలో కథ ఇలా సాగుతుంది. తల్లి వినత దాస్యం తీర్చడానికి గరుత్మంతుడు నాగులు అడిగిన అమృతం తెచ్చి దర్భల మీద ఉంచి, స్నానం చేసి వచ్చి తాగమని వాళ్లతో అన్నాడు. నాగులు అటు వెళ్లగానే ఇంద్రుడు భాండం ఎత్తుకుపోయాడు. (గరుత్మంతుడు ముందే ఇంద్రుడితో మాట్లాడుకున్నాడు. మాట తప్పకుండానే మోసం చేయడమంటే ఇదే!) ఆశ చావక నాగులు ఆ దర్భలను నాకితే, వాటి పదునుకి నాలుకలు రెండుగా చీలాయి. అమృతం తగలడం వల్లే దర్భ పవిత్రమైందని అక్కడే ఉంది. నేలబారుగా పాకే మెత్తని గరికతో నాలుక చీలడం ఎలాగూ కుదరదు.

ఉంగరపు వేలికి తొడిగే పవిత్రం, పితృకార్యంలో దక్షిణం వైపు కొసలుండేలా పరిచేది దర్భే. గరిక వినాయకుడిది; ఇరవై ఒక్క పత్రిలో దూర్వాయుగ్మం అంటే అదే. రామాయణంలో కాకి రూపంలో వచ్చిన కాకాసురుడి మీద రాముడు బ్రహ్మాస్త్రంగా వేసినది మాత్రం దర్భపోచే, మొన్నటి పోస్టులోని ఆ వాక్యంలో మార్పు లేదు.