పప్పుచారులో పప్పెంత? టీనేజర్లకు ఎవరూ నేర్పని లెక్క

పదో తరగతి పిల్లల్ని అడిగి చూడండి. పోషకాహార లోపంతో వచ్చే క్వాషియోర్కర్‌కీ మెరాస్మస్‌కీ తేడా గడగడా చెప్పేస్తారు. సి విటమిన్ లోపిస్తే స్కర్వీ వస్తుందని నిద్రలో లేపి అడిగినా తడుముకోరు. అదే పిల్లల్ని ‘నిన్న మీ ఇంట్లో నలుగురికి కలిపి ఎంత కందిపప్పు పొయ్యి మీదకెక్కింది?’ అంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. స్కర్వీ వచ్చిన మనిషిని వాళ్లు బహుశా జీవితంలో చూడరు. పప్పు చాలని కంచం మాత్రం రోజూ వాళ్ల ముందే ఉంటుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 60 శాతం, తెలంగాణలో దాదాపు 65 శాతం. రేషన్ బియ్యం అందుతున్న రాష్ట్రాలివి, బడిలో గుడ్డు పెడుతున్న రాష్ట్రాలివి. కడుపు నిండకపోవడం ఒక్కటే కారణమైతే ఈ అంకెలు ఇంత పెద్దవిగా ఉండవు. మన పిల్లల కడుపు నిండుతోంది, అన్నంతో. మిగతావన్నీ పేరుకు కంచంలో ఉంటాయి, ఏది ఎంతుండాలన్న పాళ్లు మాత్రం తప్పుతున్నాయి. కాబట్టి నేర్పాల్సింది పోషకాల పేర్లు కాదు, పాళ్లు. పాళ్లు నల్లబల్ల మీద రావు, తూకం మీదే వస్తాయి.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. అందులో రోజుకు 2,000 కేలరీలిచ్చే ఒక కంచం ఇచ్చారు: బియ్యం, గోధుమలు, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పుధాన్యాలు 85 గ్రాములు, ఆకుకూరలు, కూరగాయలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100, పల్లీలు, నువ్వుల వంటి గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. పప్పులో కొంత భాగాన్ని గుడ్డు, చేప, మాంసంతో మార్చుకోవచ్చు. ఈ జాబితాను గోడకు అంటించేసి చేతులు దులుపుకునే బడులే ఎక్కువ. అంటించినా పిల్లలు రెండు చోట్ల తప్పు చదువుతారు. మొదటిది, ఇవన్నీ వండకముందు బరువులు. 250 గ్రాముల బియ్యం వండితే రెండున్నర నుంచి మూడింతల అన్నమవుతుంది. ఆ 250లోనే పొద్దున తిన్న ఉప్మా రవ్వ కూడా ఉంది. రెండోది, ఆ కంచం ఎదిగే పిల్లల కోసం వేసింది కాదు. 16-18 ఏళ్ల వయసులో కాస్త ఒళ్లు కదిలించే అమ్మాయికి రోజుకు 2,500 కేలరీలు, అబ్బాయికి 3,300 పైచిలుకు కావాలని అదే సంస్థ 2020 నాటి సిఫార్సులు చెబుతున్నాయి. అయితే పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లో కూర్చునే ఇంటర్ విద్యార్థి అన్ని కేలరీలు ఖర్చు చేయడు. వాడికి అన్నం పెంచాల్సిన పని లేదు. పప్పు, గుడ్డు, పాలు, కూర తగ్గడానికి మాత్రం వీల్లేదు.

ఇప్పుడు ఒక మామూలు రోజు లెక్క కడదాం. ఒక ఇంటర్ అమ్మాయి పొద్దున 60 గ్రాముల బొంబాయి రవ్వ ఉప్మా తింది: ప్రోటీన్ సుమారు 7 గ్రాములు. రెండు పూటలకు 250 గ్రాముల బియ్యం: 20 గ్రాములు. నలుగురికి 100 గ్రాముల కందిపప్పుతో కాచిన పప్పుచారులో తన వంతు 25 గ్రాముల పప్పు: అయిదున్నర. చిన్న గిన్నెడు పెరుగు, 100 మిల్లీలీటర్లు: 3. మొత్తం 35 దాటింది. ఆ వయసు అమ్మాయికి కావాల్సింది 46. లోటు పదకొండు గ్రాములు. ఒక గుడ్డు ఆరు గ్రాములిస్తుంది, గుప్పెడు పల్లీలు, అంటే 25 గ్రాములు, మరో ఆరు. లోటు తీరింది. ఈ కూడిక ఒక్కసారి తన కంచం మీద తానే చేసుకున్న పిల్లకు ‘ప్రోటీన్లు శరీర నిర్మాణానికి తోడ్పడును’ అనే వాక్యం బట్టీ పట్టాల్సిన పని ఉండదు. ఇంకో మాట. బియ్యపు ప్రోటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో అది పుష్కలం. పప్పులో తక్కువైన మరో అమైనో ఆమ్లం మిథియోనిన్ బియ్యంలో ఉంది. అందుకే పప్పన్నం మంచి జోడీ. కానీ ఆ జోడీ కుదరాలంటే మూడు పాళ్ల ధాన్యానికి ఒక పాలు పప్పు పడాలి. మన ఇళ్లలో పది పాళ్లకు ఒకటి పడుతోంది. పై లెక్కలో బియ్యం 250, పప్పు 25.

అసలు చిక్కంతా పలచనలో ఉంది. ముద్దపప్పు, పప్పుచారు రెండింటినీ పిల్లలు ‘పప్పు’ ఖాతాలోనే రాసుకుంటారు. 100 గ్రాముల కందిపప్పును ముద్దగా వండితే సుమారు 400 మిల్లీలీటర్లవుతుంది, వంద పట్టే గరిటెలో 25 గ్రాముల పప్పు ఉంటుంది. అదే పప్పును లీటరున్నర పప్పుచారు చేస్తే గరిటెకు ఏడు గ్రాములు కూడా రాదు. మజ్జిగ కథా ఇదే. గ్లాసు మజ్జిగలో పావు వంతే పెరుగైతే అది పావు గ్లాసు పెరుగు కిందే లెక్క. రాగి జావ మరీ దారుణం. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉందని అందరూ చెబుతారు, నిజమే. కానీ గ్లాసు జావలో పడే పిండి పది గ్రాములైతే వచ్చేది 35 మిల్లీగ్రాములు. 16-18 ఏళ్ల వాళ్లకు రోజుకు కావాల్సింది 1,050. జావ మంచిదా కాదా అన్న వాదన తర్వాత, గ్లాసులో పిండెంత పడిందో ముందు చూడాలి.

ఈ పాఠానికి ప్రయోగశాల అక్కర్లేదు. వంటింట్లో వాడే చిన్న డిజిటల్ తూకం ఒకటి, స్టీలు గ్లాసు, గరిటె, అరకిలో బియ్యం, పావుకిలో కందిపప్పు, కాసిని పల్లీలు. ముందు పిల్లల్నే అంచనాగా 85 గ్రాముల పప్పు గిన్నెలో పోయమనాలి, తర్వాత తూచాలి. చాలామంది ముప్పై, నలభై దగ్గరే ఆగిపోతారు, ఎందుకంటే వాళ్ల కంటికి అలవాటైన కొలత అదే. ఆ క్షణంలో టీచరు ఏమీ చెప్పకుండా ఊరుకుంటే మంచిది. తర్వాత ఇంటి పని: మూడు రోజులు, ఇంట్లో ఏ వస్తువు ఎన్ని గ్లాసులు వండారు, ఎంతమంది తిన్నారు అన్నది మాత్రమే రాసుకు రావాలి. ‘నువ్వేం తిన్నావు’ అని రాయమంటే అబద్ధాలొస్తాయి, పేదింటి పిల్ల సిగ్గుపడుతుంది. అందుకే ఆ కాగితాలపై పేర్లు ఉండకూడదు. నాలుగో రోజు లెక్కల పీరియడ్‌లో తలసరి భాగాలు తీయించాలి. జీవశాస్త్రం టీచరు కన్నా లెక్కల టీచరు ఈ పాఠం బాగా చెబుతారని నా నమ్మకం; నిష్పత్తి, అనుపాతం ఆయన సరుకే కదా.

ఇక ఇనుము. ఇక్కడ పాళ్లు ఒక్కటే చాలవు, వేళ కూడా ముఖ్యం. బీట్‌రూట్, దానిమ్మ తింటే రక్తం పడుతుందన్నది రంగు చూసి పుట్టిన నమ్మకం. బీట్‌రూట్ వంద గ్రాముల్లో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా లేదు, దానిమ్మలో ఇంకా తక్కువ. 16-18 ఏళ్ల అమ్మాయికి రోజుకు 32 మిల్లీగ్రాములు కావాలి. ఆకుకూరలు, పప్పుల్లో ఉన్న ఇనుములో ఒంటికి పట్టేది పదో వంతు కూడా ఉండదు. దాన్ని పెంచేది సి విటమిన్: పప్పులో పిండిన నిమ్మకాయ, భోజనం తర్వాత ఒక జామకాయ. తగ్గించేది టీ. అన్నం తిన్న వెంటనే టీ తాగితే అందులోని టానిన్లు ఇనుమును పట్టేసుకుంటాయి, కనీసం గంట ఎడం ఉండాలి. నిమ్మరసాన్ని పొయ్యి మీద ఉండగానే పిండితే సి విటమిన్ చాలావరకు పోతుంది, దించాకే పిండాలి. మాంసాహారులైతే నెలకు రెండు మూడుసార్లు మేక కార్జం తింటే ఆకుకూరకన్నా ఆ ఇనుము తేలిగ్గా పడుతుంది.

బడిలో వారానికొకటి ఇచ్చే నీలం మాత్ర సంగతి చూడండి. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఖాళీ కడుపుతో వేసుకున్న పిల్లకు వికారం వస్తుంది, మర్నాడు మలం నల్లగా కనిపిస్తే భయపడుతుంది. మూడో వారానికి మాత్ర కిటికీలోంచి బయట పడుతుంది. భోజనమయ్యాక వేసుకోవాలనీ, నల్లగా రావడం మామూలేననీ ముందే చెబితే సగం మాత్రలు దక్కుతాయి. ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర ఎందుకిస్తారో కూడా అప్పుడే చెప్పాలి. పురుగులు ఉన్నన్నాళ్లూ తిన్న ఇనుము చిల్లికుండలో నీళ్లే. 12 ఏళ్లు దాటిన అమ్మాయికి డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ 12 గ్రాములకన్నా తగ్గితే రక్తహీనత అంటారు. బాగా తగ్గిన పిల్లను తిండితోనే బాగు చేస్తామనుకోకూడదు, డాక్టరు దగ్గరికి పంపాలి.

అబ్బాయిల గొడవ వేరు. జిమ్‌లో చేరిన వారానికే ప్రోటీన్ డబ్బా కావాలంటారు. 16-18 ఏళ్ల అబ్బాయికి సిఫార్సు 55 గ్రాములు. మూడొందల గ్రాముల ధాన్యం, 85 గ్రాముల పప్పు, 300 మిల్లీలీటర్ల పాలు, ఒక గుడ్డు కలిపితే 58 వరకు వస్తుంది. డబ్బాలొద్దని 2024 మార్గదర్శకాల్లోనే ఉంది.

కూల్‌డ్రింకుల విషయంలో ఉపన్యాసం కన్నా చెంచా బాగా పనిచేస్తుంది. లేబుల్ మీద 100 మిల్లీలీటర్లకు 10.6 గ్రాముల చక్కెర అని రాసి ఉంటుంది, పిల్లలు సీసా మొత్తానికి అదే అనుకుంటారు. 600 మిల్లీలీటర్ల సీసాకు ఆరుతో గుణించి, అయిదు గ్రాముల చెంచాతో గ్లాసులో పోయించాలి. పన్నెండో చెంచా దాటుతుంది. జాతీయ పోషకాహార సంస్థ చెప్పే రోజు హద్దు 25 గ్రాములు, అయిదు చెంచాలు. పేరును నమ్మొద్దని చెప్పడానికి మంచి ఉదాహరణ మన హైదరాబాద్‌లోనే ఉంది. చక్కెర పానీయాలకు, విరేచనాలప్పుడు తాగించే ఓఆర్‌ఎస్ ద్రావణం పేరు పెట్టి అమ్మడంపై పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడకాన్ని నిలిపివేసింది.

బోధన చెడిపోయేది ఎక్కువగా ఒక పనితో: తరగతిలో అందరి ముందూ పిల్లల బరువు తూచి గట్టిగా చదవడం. లావుగా ఉన్న అమ్మాయి ఆ రోజు నుంచి టిఫిన్ మానేస్తుంది, బక్కగా ఉన్న అబ్బాయి డబ్బా కొనమని ఇంట్లో పేచీ పెడతాడు. తూచాల్సింది పప్పును, పిల్లల్ని కాదు. ఆరోగ్య పరీక్షలో బరువు చూడాల్సివస్తే గది వేరుగా ఉండాలి. మిరపకాయ బజ్జీని పాపంలా చిత్రించడమూ అలాంటిదే. శనివారం సాయంత్రం నాలుగు బజ్జీలు తిన్న పిల్లకు నష్టం పెద్దగా లేదు. వారమంతా పప్పు తగ్గిన పిల్లకు ఉంది.

అయితే ఎంత నేర్పినా వంటింటి తాళం పిల్లల చేతిలో ఉండదు. హాస్టల్లో అసలే ఉండదు. ఏపీ ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో 2025 జనవరి నుంచి డొక్కా సీతమ్మ పేరిట మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. ప్రైవేటు రెసిడెన్షియల్ కాలేజీల్లో మెనూ బోర్డు తప్ప కొలత ఎక్కడా కనిపించదు. ‘సోమవారం: సాంబారు, పెరుగు’ అని రాసే బోర్డు మీదే ‘300 మందికి కందిపప్పు ఇన్ని కిలోలు, పాలు ఇన్ని లీటర్లు’ అని రాయించాలి. రోజుకు 85 గ్రాముల చొప్పున 300 మందికి పాతిక కిలోల పైచిలుకు పప్పు కావాలి. గుడ్డు పెట్టిన రోజు కొంత తగ్గించుకోవచ్చు. బోర్డు మీద ఎనిమిది కిలోలే కనిపిస్తే, భాగహారం వచ్చిన ఏ విద్యార్థి అయినా వార్డెన్‌ను అడగగలడు.