లాగండి, లాగకండి

హాల్లో స్విచ్ బోర్డు దగ్గర కాలిన వాసన. ఎలక్ట్రీషియన్ వచ్చాడు, విప్పాడు, "మొత్తం రీవైరింగే సార్" అన్నాడు, మెయిన్ ఆపేశాడు. ఒక పాత వైరు కొస నా చేతిలో పెట్టి, "ఇది పట్టుకోండి" అని పక్క గదిలోకి వెళ్లి నిచ్చెనెక్కాడు. ఎందుకు పట్టుకోవాలో చెప్పలేదు.

చీకట్లో ఊరికే నిలబడితే నాకు మాటల పిచ్చి పడుతుంది. రీ అంటే మళ్లీ. అది లాటిన్ నుంచి వచ్చింది. వైర్ మాత్రం పాత ఇంగ్లీషు మాట, అప్పట్లో 'వీర్'. దాని మూలంలో ఉన్నది మెలితిప్పడం, అల్లడం. లాటిన్‌లో ద్రాక్షతీగను 'వీటిస్' అంటారు, అదీ ఆ ధాతువు పిల్లే. అంటే దూరపు చుట్టరికం. మనకు ఆ గొడవే లేదు. పందిరెక్కేదీ తీగే, వీణ మీదదీ తీగే, నా చేతిలో ఉన్నదీ తీగే. ఈ మధ్య మెదడును కూడా రీవైర్ చేసుకోమంటున్నారు. దానికి మెయిన్ ఎక్కడ ఆపాలో మాత్రం చెప్పరు.

ఇంతలో పక్క గదిలోంచి "లాగండి!" అని కేక.

లాగాను. ఎంత హాయిగా వచ్చిందనుకున్నారు! మూర, రెండు మూరలు, మోకాళ్ల చుట్టూ చుట్టలు పడుతోంది. మనలో ఇంత పనితనం ఉందా అని మురిసిపోతుండగా రెండో కొస టప్పున గోడలోంచి ఊడిపడింది. బోసిగా. తీగ లాగితే డొంక కదలాలి కదా, నాకు తీగే మొత్తం వచ్చేసింది.

అతను అన్నది "లాగకండి" అట. ముందు ఆ కొసకు కొత్త వైరు కట్టాలట. అప్పుడు లాగితే పాతది బయటికొస్తూ కొత్తదాన్ని పైపులోకి తీసుకెళ్తుందట. ఇవన్నీ నాకు అప్పుడు చెబుతున్నాడు, పళ్ల మధ్య నుంచి ఇన్సులేషన్ టేపు తీసి. నా పరువు నిలబెట్టాల్సిన ఆ ఒక్క 'క' టేపు చుట్టలో చిక్కుకుపోయింది. నోట్లో టేపు పెట్టుకున్న మనిషి వ్యతిరేకార్థకాలు వాడొచ్చా? "వద్దు" అంటే ఏం పోయింది?

తర్వాత ఉక్కు తీగ దూర్చి చూశాడు. గోడ మలుపులో ఇరుక్కుంది.

"రేపొస్తా సార్" అన్నాడు. ఈసారి నోట్లో టేపు లేదు, ఒక్క అక్షరం కూడా పోలేదు.