భజన తాళాల గలగల ఎక్కడికి పోయింది?
లోపల ఒకే లేమ్ ఎన్‌కోడర్ (ధ్వనిని ఎంపీ3గా కుదించే ప్రోగ్రామ్) ఉంటే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఒకే ఎంపీ3 వస్తుందని ఒక వ్యాసంలో రాశారు. ఒప్పుకోలేను. తిరుపతిలో మా తాతగారి భజన క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించి, అదే వేవ్ ఫైలును (కుదించని ధ్వని ఫైలు) రెండు సాఫ్ట్‌వేర్‌లలో సెకనుకు 128 కిలోబిట్ల ఎంపీ3గా మార్చాను. రెండోదానిలో తాళాల గలగల మొద్దుబారింది. తవ్వి చూస్తే, అది నాతో మాటైనా చెప్పకుండా సెకనుకు 44,100 శాంపిళ్లను (ధ్వనిని కొలిచిన నమూనాలను) 22,050కి దించి ఎన్‌కోడర్ చేతిలో పెట్టింది. శాంపిళ్ల సంఖ్యలో సగం వరకే ధ్వని పౌనఃపున్యాలు నిలుస్తాయి కాబట్టి, ఇక 11 కిలోహెర్ట్జ్ పైన, తాళాల సన్నని మోత ఉండేచోట, మిగిలేదేముంది? లేమ్ వెర్షను, నాణ్యత స్థాయి, జాయింట్ స్టీరియో (కుడి, ఎడమ ధ్వనులను కలిపి కుదించే పద్ధతి) కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. ట్యాగులు (ఫైలులో దాచే పాట పేరు లాంటి వివరాలు) మారితే ఫైలు సైజూ మారవచ్చు, కానీ దానికీ వినికిడికీ సంబంధం లేదు. పోల్చే ముందు లేమ్‌కు నిజంగా ఏ ఆదేశాలు అందాయో చూడండి. తాతగారైతే రెండూ విని, క్యాసెట్టే నయమన్నారు.