శ్రీ పాస్‌వర్డ్ మార్పు వ్రత విధానం

ఆఫీసుల్లో మూణ్ణెల్లకోసారి చెయ్యాల్సిన వ్రతం ఒకటుంది, పండగైనా మర్చిపోతామేమో గానీ దీన్ని మర్చిపోవడం కుదరదు, సోమవారం పొద్దున సిస్టం ఆన్ చెయ్యగానే మీ పాస్‌వర్డ్ గడువు తీరిపోయింది అని అదే గుర్తు చేస్తుంది. ఈమధ్య కుర్రాళ్ళు దీనికి కూడా విసుక్కుంటున్నారు. శ్రద్ధాభక్తులు బొత్తిగా తగ్గిపోయాయి కాబట్టి విధానం మళ్ళీ ఓసారి వివరంగా రాయాల్సొస్తోంది.

కావల్సిన సామగ్రి: ఒక పెద్దక్షరం, కొన్ని చిన్నక్షరాలు, ఒక అంకె, ఒక గుర్తు. వీటిని ఎలా కలపాలో ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంట్లో చిన్నపిల్ల ముద్దుపేరు తీసుకుని, మొదటక్షరం పెద్దది చేసి, పక్కన @ పెట్టి, 123 వెయ్యాలి. బుజ్జి@123. గడువు తీరగానే బుజ్జి@124. పాతది మళ్ళీ పెట్టకూడదంటుంది గానీ దాని పక్కింటిదానికి సిస్టంకేం అభ్యంతరం ఉండదు. కొత్తది కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించాలి, కాగితం పసుపు రంగుదైతే శుభం. సెక్యూరిటీ గురించి బాగా తెలిసిన సీనియర్లు కీబోర్డు కింద అంటిస్తారు.

ఇప్పుడు అక్షతలు చేతిలోకి తీసుకుని కథ వినండి.

పూర్వం 1961లో, అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో ఫెర్నాండో కార్బటో అనే ఆయన, ఒకే కంప్యూటర్‌ని చాలామంది పంచుకుని వాడుకునేలా సీటీఎస్ఎస్ అనే సిస్టం తయారు చేయించి, ఎవరి ఫైళ్ళు వాళ్ళకే దక్కాలని తలా ఒక పాస్‌వర్డ్ ఇప్పించాడు. అందరూ సుఖంగా ఉన్నారు. ఎన్నాళ్ళు? 1962లో అలన్ షెర్ అనే పీహెచ్‌డీ విద్యార్థికి వారానికిచ్చిన 4 గంటల కంప్యూటర్ టైం చాల్లేదు. పంచ్ కార్డు, అంటే చిల్లులు పొడిచిన అట్టముక్క, పెట్టి అడిగితే ఏ ఫైలైనా ప్రింట్ తీసిస్తారని కనిపెట్టి, శుక్రవారం రాత్రి పాస్‌వర్డ్‌ల ఫైలే ప్రింటుకి పెట్టి, శనివారం పొద్దున్నే వెళ్ళి తెచ్చేసుకున్నాడు, ఇంక ఎవరి టైం కావాలంటే వాళ్ళది. మరోసారి రెండు ఫైళ్ళు తారుమారై, లాగిన్ అయిన ప్రతివాళ్ళకీ ఆరోజు సందేశం బదులు అందరి పాస్‌వర్డ్‌లూ వరసగా కనపడ్డాయి. పుట్టిన పదేళ్ళలోపే దీని మహిమలన్నీ తెలిసిపోయాయన్నమాట.

2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో బిల్ బర్ అనే ఉద్యోగి, అంకెలూ గుర్తులూ కలపండి, తరచూ మారుస్తూ ఉండండి అని నియమావళి రాశాడు. లోకమంతా శిరసావహించింది. 2017లో, రిటైరైపోయాక, తను రాసినవాటిల్లో చాలావాటికి ఇప్పుడు బాధపడుతున్నానని ఆయనే పేపరువాళ్ళకి చెప్పాడు, అదే ఏడాది నిస్ట్ కూడా పాస్‌వర్డ్ బయటికి పొక్కిందన్న ఆధారం ఉంటే తప్ప ఊరికే మార్పించొద్దంది. మన ఆఫీసులు మాత్రం చలించలేదు. వ్రతం చెప్పినాయనే మానెయ్యమంటే మాత్రం మానేస్తామా, రేపు ఆడిట్‌వాళ్ళకి ఏం చూపించాలి?

నమ్మకం లేనివాళ్ళకి వేరే దారుంది, గుర్తులు కాదు పొడుగే బలం అంటారు వాళ్ళు. మామయ్య పెళ్ళిలో గారెలు మాడిపోయాయి అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పెట్టుకుంటే మీరు మర్చిపోరు, బయటివాడు ఊహించలేడు, పైగా పెళ్ళికి ఎవరు ఎన్ని ఎల్‌లు వేస్తారో ఆ భగవంతుడికే ఎరుక. కాకపోతే పన్నెండక్షరాలు దాటితే ఒప్పుకోని సైట్లున్నాయి, అక్కడ మళ్ళీ బుజ్జే గతి.

ఇక ప్రసాదం లాంటివి పీడీఎఫ్‌లు. బ్యాంకు స్టేట్‌మెంట్‌కి తాళం వేసి మెయిల్లో పంపిస్తారు, తాళంచెవి ఎలా తయారు చేసుకోవాలో అదే మెయిల్లో కింద రాస్తారు. ఈ-ఆధార్‌దైతే పేరులో మొదటి నాలుగక్షరాలు పెద్దక్షరాల్లో, ఆ తర్వాత పుట్టిన సంవత్సరం. ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు పెట్టుకునే మనబోటివాళ్ళకి ఇక్కడే పరీక్ష, పి.కుమార్ అని ఉంటే చుక్క కూడా ఒక అక్షరం కిందే లెక్క, పి, చుక్క, కె, యు, 1990. ఇది తెలీక ఇంట్లో అరగంట కుస్తీ పట్టి నెట్ సెంటర్‌కి వెళ్తే అక్కడి కుర్రాడు మిమ్మల్ని ఏమీ అడగడు. మీ చేతిలో ఉన్న పాత కార్డు వంక ఓసారి చూసి, చుక్కతో సహా టకటకా కొట్టేసి, కలరా బ్లాక్ అండ్ వైటా అంటాడు. ప్రింట్ తీసుకుని వచ్చేముందు ఆ సిస్టంలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్లోంచి మీ ఫైలు తీసేయించండి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా. ఆ ఫోల్డర్లో మీ వీధి వీధంతా ఉంటుంది.