మామగారి పది షేర్లు

మా మామగారు ట్రెజరీ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. మా పెళ్లయిన ఏడాది, అల్లుడి కంపెనీ కదా అని ముచ్చటపడి మా కంపెనీవి పది షేర్లు కొన్నారు. అంతవరకూ బాగానే ఉంది. ఈ ఆగస్టులో వార్షిక నివేదిక మొత్తం ప్రింటు తీయించారు. 312 పేజీలు, స్పైరల్ బైండింగు. జిరాక్సు షాపు కుర్రాడు పీహెచ్‌డీ అనుకున్నాడట.

ఆదివారం పెసరట్టు తుంచుతుండగా మొదలుపెట్టారు. "అల్లుడుగారూ, మీ ఎండీ జీతం మీ మధ్యస్థ ఉద్యోగి జీతానికి 214 రెట్లట!"

లిస్టెడ్ కంపెనీలు, అంటే షేర్ మార్కెట్లో నమోదైనవి, ఇది చెప్పి తీరాలి. 2013 కంపెనీల చట్టం, 197వ సెక్షన్. ఉద్యోగులందరినీ జీతాల వరసలో నిలబెడితే నడిమధ్య ఉన్నవాడికి ఎంత వస్తోందో, దానికి డైరెక్టర్లు ఎన్ని రెట్లు తీసుకుంటున్నారో రాయాలి. నాకు ఊపొచ్చింది. "బయటపెట్టాల్సిందే మామగారూ! జీతం దాచుకోడానికి అదేమన్నా దొంగసొమ్మా?" అన్నాను, అల్లం పచ్చడి వేలు ఆడిస్తూ.

ఆయన మెచ్చుకోలుగా తలాడించి, పెన్సిలు కిందికి జరిపారు. "డైరెక్టర్లు కాని ఉద్యోగుల జీతాలు కిందటేడు సగటున 8.6 శాతం పెరిగాయని కూడా రాశారు. మీకు హైక్ లేదని అమ్మాయి చెప్పిందే?"

వంటింట్లో అట్లకాడ చప్పుడు ఆగిపోయింది.

కిందటేడు ఏప్రిల్ నుంచి నాకు పెరిగింది నెలకు 5 వేలు. పదహారు నెలలుగా ఆ 5 వేలూ ఒక చీటీలో పడుతున్నాయి, బుల్లెట్ బండి కోసం. ఇప్పుడు పెరిగిందంటే అబద్ధాలకోరుని. పెరగలేదంటే, అందరికీ పెంచి నాకొక్కడికే ఎగ్గొట్టారన్నమాట, అంటే పనికిమాలినవాణ్ణి. ఆలోచిస్తే రెండోదే క్షేమం అనిపించింది.

"సగటు కదా మామగారూ, కొందరికి పదిహేడు, కొందరికి సున్నా..."

"మా అల్లుడికి సున్నానా!" ఆయన మొహం ఎర్రబడింది. "శుక్రవారం వాటాదారుల సమావేశం ఆన్‌లైన్లోనే. మాట్లాడతానని ఎప్పుడో పేరిచ్చాను. మీ పేరు, ఎంప్లాయీ నంబరు చెప్పి ఎండీనే అడిగేస్తాను."

పెసరట్టు గొంతుకడ్డం పడింది. మంచినీళ్లు తాగాక చీటీ సంగతి మొత్తం చెప్పేశాను. అట్లకాడ పట్టుకునే బయటికొచ్చిన మా ఆవిడ ఒక్కటే అడిగింది: "పాట ఎప్పుడు?" ఫ్రిజ్ పాడై ఆర్నెల్లయిందని గుర్తు చేసి, పే స్లిప్పులన్నీ నాన్న ముందు పెట్టమంది.

మామగారు వాటి మీద భాగహారం వేసి, ఎండీ నాకు ఎన్ని రెట్లో నివేదిక మార్జిన్లో రాసి సున్నా చుట్టారు. ఆ అంకె ఇక్కడ చెప్పను.

"సరే, మీ సంగతి అడగన్లెండి," అన్నారు కళ్లజోడు తుడుచుకుంటూ. "కానీ ఆ 214 సంగతి అడగాల్సిందే. వైఫై మీ గదిలోనే బాగా వస్తుందిగా, అక్కడే కూర్చుంటాను. మీరు కాస్త నా పక్కనే ఉండండి, ఆ మ్యూట్ తియ్యడం నాకు రాదు."