తలపులపల్లెను ఒక్క ముక్కలో దాటేశారు

నవలా రచయిత కేశవరెడ్డి గారి మీద మీరు వేసిన వ్యాసం బాగుంది. కాకపోతే ఆయన్ని ‘నిజామాబాద్ డాక్టరు’ అని మొదలుపెట్టి, పుట్టిన ఊరిని ఒక్క ముక్కలో దాటేశారు. 1946లో మా చిత్తూరు జిల్లా తలపులపల్లెలో పుట్టారు. కుష్ఠు రోగులకు వైద్యం చేస్తూ నిజామాబాద్ వైపే ఉండిపోయినా, నవలల్లోని మట్టి మాత్రం ఇక్కడిదే.

ఆయన నవల ‘అతడు అడవిని జయించాడు’ చూడండి. పందులు మేపుకునే ముసలాయన, తప్పిపోయిన చూలు పంది, ఒక రాత్రి, అడవి. అంతే. తిరుపతిలో చదివేటప్పుడు హాస్టల్లో రాత్రి పదికి పట్టుకుని వదల్లేకపోయాను. పొద్దున మెస్‌లో టిఫిన్ కూడా అయిపోయింది (ఉప్మానే లెండి, పోతే పోయింది).

హెమింగ్వే నవల ‘ది ఓల్డ్ మ్యాన్ అండ్ ద సీ’లోని ముసలి జాలరితో పోలిక అందరూ తెచ్చేదే, మీరూ తెచ్చారు. నాకైతే పూర్తిగా కుదరదనిపిస్తుంది. అక్కడ 84 రోజులు చేప పడక, తానింకా పనికొస్తానని చూపించుకోవాలనే పంతం ఉంది. ఇక్కడ ఆ పందే ఇంటి మనిషి, అదే బతుకుతెరువు.

ఆయన మరో నవల ‘మూగవాని పిల్లనగ్రోవి’ గురించి ఒక్క వాక్యమైనా రాయాల్సింది. భూమి పోగొట్టుకున్న బక్కిరెడ్డి కథ మా తాతకి చదివి వినిపిస్తే, మధ్యలోనే లేచి కండువా దులుపుకుని చేను వైపు వెళ్లిపోయాడు.